పన్ను లేని దేశం

వచ్చిన జీతం వచ్చినట్టు చేతికే,
ఆ దేశంలో పన్ను లేదు పో, అన్నాడు
రాయచోటి ఏజెంటు చాంద్ బాషా.
నిజమే చెప్పినాడు.
పందొమ్మిదేండ్లకు
నా నోట్లో ఎడమపక్కంతా ఖాళీ,
ముందర రెండు.

జహ్రాలో ఈ ఇంట్లో
రాత్రి పదిన్నరకు నా ఆఖరి పని
పెద్దామె పళ్ళు కడగడం.
ఉమ్ సాలిహ్ నోరు తెరుస్తాది.
రెండువేళ్ళతో పైసెట్టు వదులు చేసి
సందుల్లో ఒక్క మెతుకు లేకుండా తోమి
నీళ్ళగ్లాసులో పెట్టి నీలం బిళ్ళ వేస్తా.
బిళ్ళ బుసబుసా పొంగుతాది.
ఆ పళ్ళు తెల్లారేదాకా
ఎవురూ లేకున్నా నవ్వుతానే ఉంటాయి.

పాస్‌పోర్టులో నాకు యాభైమూడు.
మోకాళ్ళకు అరవయ్యొకటి.
పళ్ళకెంతో వాటికే తెలియాల.

మొన్న రంజాన్ నెలలో దవడపన్ను లేచింది.
సమోసాలు వేయిస్తాంటే
నూనె చిటపట చెవిలో కాదు, చిగురులో వినపడింది.
లవంగం పెట్టినా, ఉప్పునీళ్ళు పుక్కిలించినా,
తలగుడ్డ కొస పళ్ళకింద కరుచుకొని
నలభైమందికి వడ్డించినా.
బాబా మంచోడే. ఇన్సూరెన్సు కార్డు తెప్పించి చూసినాడు.
"పళ్ళకు రాదు ఇది" అని
కార్డును బోర్లా పెట్టినాడు,
సిగ్గుపడాల్సింది కార్డే అన్నట్టు.

కాలిరిగితే చూస్తారు, జ్వరమొస్తే చూస్తారు.
నోరు మాత్రం
ఎవురి జాగాలోది?

శుక్రవారం సెలవడిగి పోతిని.
క్లినిక్కు పిల్ల కాగితం మీద రాసి చూపించింది:
బాగుచేసి తొడుగేస్తే నూటిరవై దినార్లు,
పీకేస్తే పదిహేను.
నమిలే పన్నొకటి మిగలాలంటే
నెలంతా నమలకుండా ఉండాల.
పీకు తల్లీ, అంటి.
పళ్ళూడగొట్టుకోను ఏ రాయైతేనేమి అంటారు గదా.
ఈ రాయికి ఏసీ ఉండాది,
రసీదు గూడా ఇస్తాది.

పన్నును దూదిలో చుట్టి చేతిలో పెట్టింది ఆ పిల్ల.
చిన్నప్పుడైతే పేడలో పెట్టి
మిద్దెమీదికి విసిరేవాళ్ళం, కొత్తది మొలవాలని.
ఆ రాత్రి అది పిడికిట్లో పట్టుకొని
శానాసేపు నిలబడితిని.
యాడికని విసిరేది?
నాకిచ్చిన గదే మిద్దెమీద,
నీళ్ళట్యాంకీ పక్కన.

ఫోన్లో మనమరాలు లోహిత బడిపాఠం అప్పజెప్పింది.
"త థ ద ధ న,
నాలుక పళ్ళకు తగిలితే పలికేటివి, దంత్యాలు.
నువ్వు అను జేజీ."
అంటిని.
గాలి వచ్చింది.
"సిగ్నలు బాగలేదు జేజీ" అన్నది.
ఔ నాయనా, బాగలేదు.

నిన్న రాత్రి ఒక పని చేసినా.
చెప్పుకునేది కాదు.
వంటింట్లో లైటు ఆర్పేసి
ఆమె పైసెట్టు నా నోట్లో పెట్టుకుంటి.
చల్లగా, పుదీనా వాసన,
పరాయోళ్ళ పడకమీద పండుకున్నట్టు ఉన్నింది.
పట్టలేదు. ఆమెది చిన్న దవడ.
నాది రాగిసంగటి మింగి పెరిగిన దవడ.
వెనక్కి తిరిగితే
చేతికర్రతో వాకిట్లో ఉమ్ సాలిహ్.
పని పోయిందనుకుంటి.
ఆమె నన్ను చూసింది, గ్లాసును చూసింది,
ఒక్క పన్నూ లేని నోటితో ఏదో అన్నది.
పళ్ళుంటే అది అరబ్బీ.
లేకుంటే ఏ భాషో
ఇన్నేండ్లయినా నాకు పట్టుబడలేదు.
తిట్టిందో, నవ్విందో,
కర్ర చప్పుడు మెల్లగా వరండా దాటిపోయింది.

పొద్దున ఆ సెట్టు రెండుసార్లు తోమితిని.
చేయి చాపినా ఆమె తీసుకోలేదు.
పళ్ళెంలో ఖర్జూరపండు తీసి
గింజ వలిచి, వణికేవేళ్ళతో నలిపి
సగం నా చేతిలో పెట్టింది.
తిను, అన్నది. ఈసారి అర్థమయింది.
ఇద్దరం నిలబడే తింటిమి,
గ్లాసులో పళ్ళు చూస్తాండగా.

మిగిలిన రెండు పళ్ళ సందున
పీచొకటి ఇరుక్కుంది.
మాపటేళ అయినా
నాలుక దానిచుట్టే తిరుగుతాంది.